తన దస్త్రాన్ని తాను చూడగల హక్కు

భారతదేశపు రైల్వే పట్టణాలలో ఖరగ్‌పూర్‌కు విశిష్టమైన స్థానం కలదు. బెంగాల్–నాగపూర్ రైల్వే నాడు కర్మాగారాలలోను, రైలుబండ్లపైన పనికై వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడి, బెంగాలీ, ఒడియా, హిందీ భాషల వారితో కలసిమెలసి జీవిస్తున్నవి. హిజ్లీలోని భారతీయ సాంకేతిక విద్యాసంస్థకు ఆనుకొని ఉన్న ప్రేమ్ బజార్ కూడా ఇట్టి బహుభాషా జనావాసమే.

ఇట్టి పేటలో నివసించే సామాన్యుని జీవితం ఎన్నో రిజిస్టర్లలో నమోదై ఉంటుంది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం క్రింద అంగన్‌వాడీ కేంద్రంలో పసిబిడ్డ బరువు వ్రాయబడుతుంది. వికలాంగునికి ధ్రువపత్రం, వితంతువుకు పింఛను, వృద్ధునికి 1995 ఆగస్టు 15న ప్రారంభమైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం క్రింద భృతి, అనాథ బాలునికి సంరక్షణ గృహంలో ఆశ్రయం: ప్రతి సేవ వెనుకను ఒక దస్త్రం ఉంటుంది. ఆ దస్త్రంలో ఏమి వ్రాసి ఉన్నదో దానిని బట్టియే సహాయం లభించుటయో, నిలిచిపోవుటయో జరుగుతుంది.

పేరులో ఒక్క అక్షరం

తెలుగువారి విషయంలో ఈ సమస్యకు మరొక ముఖము ఉన్నది. తెలుగు పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది; బెంగాల్‌లో వంశనామం చివర వస్తుంది. బెంగాలీ లిపిలో ‘వ’కారానికి ప్రత్యేకమైన అక్షరం వాడుకలో లేనందున ‘వెంకట’ వంటి పేరు ‘భ’కారంతోనో ‘బ’కారంతోనో వ్రాయబడుతుంది. ఒక కాగితంలో ఒక విధంగాను, బ్యాంకు పుస్తకంలో మరొక విధంగాను పేరు ఉన్నప్పుడు ఆ ఇద్దరూ ఒకరే అని నిరూపించవలసిన భారం లబ్ధిదారునిపై పడుతుంది. తప్పు ఎక్కడ దొర్లినదో తెలియనిదే దానిని సవరించుట సాధ్యం కాదు. కనుక సవరణకు మొదటి మెట్టు దస్త్రాన్ని చూడడమే.

ఒక చారిత్రక వివాదం

ఈ హక్కు ప్రాముఖ్యాన్ని లోకానికి తెలియజేసినది బ్రిటన్‌లో జరిగిన గాస్కిన్ వ్యాజ్యం. శైశవం నుండి యౌవనం వరకు లివర్‌పూల్ నగర మండలి సంరక్షణలో పెరిగిన ఆ యువకుడు, తన బాల్యాన్ని గురించిన దస్త్రాన్ని కోరినాడు. అందులో 46 మంది వ్రాసిన సుమారు 352 పత్రాలు ఉన్నవి. వ్రాసినవారు అంగీకరించిన 65 పత్రాలు మాత్రమే 1986లో అతనికి అందినవి. తల్లిదండ్రుల చెంత పెరిగిన బిడ్డకు బాల్యస్మృతులను చెప్పేవారు ఇంటనే ఉంటారు. సంస్థలో పెరిగినవానికి ఆ స్మృతి దస్త్రమే. 1989 జులై 7న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పినది. పత్రం వ్రాసినవారు సమ్మతి నిరాకరించినను, సమాధానమే ఇవ్వకపోయినను, తుది నిర్ణయం చేసే స్వతంత్ర అధికారి ఒకరు ఉండవలెనని ఆ తీర్పు సారాంశం.

మన చట్టంలోని మార్గం

భారతదేశంలో 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోనున్న సమాచార హక్కు చట్టం పౌరునికి ఈ మార్గాన్ని చూపినది. ప్రభుత్వ కార్యాలయంలోని దస్త్రాన్ని స్వయంగా పరిశీలించుటకు, వివరాలు వ్రాసుకొనుటకు, ధ్రువీకరించిన నకళ్లు పొందుటకు ఈ చట్టం వీలు కల్పించుచున్నది.

ముందుగా దస్త్రం ఎవరి వద్ద ఉన్నదో తెలుసుకొనవలెను. రైల్వే పింఛను, రైల్వే ఆసుపత్రి కాగితాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి. అంగన్‌వాడీ, సామాజిక పింఛను, బాలల సంరక్షణకు సంబంధించినవి సాధారణంగా రాష్ట్ర శాఖల వద్దను, పురపాలక సంఘం లేదా బ్లాకు కార్యాలయం వద్దను ఉంటాయి. పొరపాటున వేరొక కార్యాలయానికి దరఖాస్తు చేసినను, అది 5 రోజులలో తగిన కార్యాలయానికి బదిలీ కావలెనని చట్టం చెప్పుచున్నది.

దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. సమాచారం ఎందుకు కావలెనో చెప్పనవసరం లేదు. అయితే తన సొంత దస్త్రాన్ని కోరునపుడు గుర్తింపు పత్రం నకలు జతచేయుట మంచిది. లేనిచో వేరొకరు ఆ పేరున వివరాలు సంగ్రహించే ప్రమాదం కలదు. “నా దస్త్రం మొత్తం ఇవ్వండి” అనుటకంటె, “ఫలానా తేదీన నేను పెట్టుకున్న పింఛను దరఖాస్తు నకలు, దానిపై విచారణ నివేదిక, నిరాకరణకు కారణం వ్రాసిన పుట” అని విడివిడిగా అడిగినచో సమాధానం స్పష్టంగా వచ్చును.

సమాధానానికి గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైనచో 48 గంటలు. గడువు మీరినచో నకళ్లను ఉచితంగా ఇవ్వవలెను. సమాధానం తృప్తికరం కానప్పుడు 30 రోజులలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ పిదప 90 రోజులలో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకొనవచ్చును. తగిన కారణం లేకుండ జాప్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉన్నది.

భాష అడ్డంకి కారాదు

దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండవచ్చును. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికను మన్నించి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా గుర్తింపునకు ఆమోదం తెలిపినది. ఆచరణలో బెంగాలీ లేదా ఇంగ్లీషు ప్రతిని కూడ జతచేసినచో పని త్వరగా సాగును. వ్రాయలేని వ్యక్తి నోటితో చెప్పినది కాగితంపై పెట్టుటకు సహాయపడడం పౌర సమాచార అధికారి విధి. ఇరుగుపొరుగున నున్న బెంగాలీ విద్యార్థి తెలుగు అవ్వకు దరఖాస్తు వ్రాసిపెట్టుట వంటి చిన్న సాయం కూడ జాతీయ సమైక్యతకు నిదర్శనమే.

హద్దులు

ఈ హక్కుకు హద్దులు లేకపోలేదు. ఒకే దస్త్రంలో ఇతరుల రహస్యాలు కూడ ఉండవచ్చును. అట్టి భాగాన్ని తొలగించి మిగిలినది ఇచ్చే పద్ధతిని చట్టంలోని 10వ సెక్షన్ సూచించుచున్నది. దత్తత పోయిన బిడ్డ తన మూలాలను అన్వేషించుకొనవచ్చును. 18 సంవత్సరాలు నిండినవారు స్వయంగా దరఖాస్తు చేయవచ్చును. కాని కన్నతల్లి ఏకాంతతకు భంగం కలిగించే హక్కు ఆ అన్వేషణకు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి తన వైద్య దస్త్రాన్ని చూచే హక్కు ఇచ్చుచునే, తీవ్రమైన మానసిక హాని కలిగించే వివరాన్ని వైద్యుడు నిలిపివేయవచ్చునని చెప్పినది. అప్పుడు బోర్డుకు విన్నవించుకొను హక్కును గురించి రోగికి తెలియజేయవలెను.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. తదుపరి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార మినహాయింపును మరింత విస్తృతం చేసినది. ఆ మార్పు 2025 నవంబరులో అమలులోకి వచ్చినది. కనుక కోరుచున్న వివరం తనకు సంబంధించినదే అని దరఖాస్తులో స్పష్టంగా వ్రాయుట ఇప్పుడు మరింత అవసరం. గోప్యత అన్నది వ్యక్తిని ఇతరుల దృష్టి నుండి కాపాడుటకు ఏర్పడినది. ఆ వ్యక్తి కన్నులకే గంతలు కట్టుటకు కాదు.

పింఛను ఆగిన వృద్ధునికి ఒక పుట నకలు తిండిగింజలతో సమానం. ఆశ్రమంలో పెరిగిన యువతికి ఒక పాత రిజిస్టరు తన పుట్టినరోజును తెలిపే ఏకైక సాక్ష్యం కావచ్చును. విద్యాలయాలలో ఈ దరఖాస్తు వ్రాయుటను లేఖారచనతోపాటు నేర్పినచో, విద్యార్థి తన ఇంటికే గాక వీధికంతటికి ఉపయోగపడగలడు.