గుమ్మానికి పచ్చకొమ్మ

వియన్నాలో కాపురం పెట్టిన కొత్తలో, ఒక సెప్టెంబరు సాయంత్రం మావారూ, నేనూ, పిల్లవాడూ కారులో గ్రిన్‌ట్సింగ్ వెళ్ళాము. అక్కడి రైతులు తమ తోటల్లో పండిన వైను తామే అమ్ముకుంటారు. 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన హక్కట అది! గుమ్మానికి పచ్చకొమ్మ వేలాడుతుంటే అంగడి తెరిచి ఉన్నట్లు గుర్తు.

ఆ రోజుల్లో అక్కడ కొత్తగా పులుస్తున్న ద్రాక్షరసం దొరుకుతుంది. పేరు ‘ష్టుర్మ్’, అంటే తుఫాను. సీసాలో పోసినా పులుస్తూనే ఉంటుంది గనుక మూత గట్టిగా బిగిస్తే సీసా పగిలిపోతుంది. తియ్యగా ఉందని మావారు మూడు గ్లాసులు గటగటా తాగేసి, కారు తాళం తీశారు. నా గుండె ఝల్లుమంది. ఇంతలో వడ్డించే పెద్దావిడ చెయ్యి చాచింది.

“ఇది వట్టి పళ్ళరసం కాదు నాయనా! తాళం ఇలా ఇవ్వు. రేపొచ్చి బండి తీసుకుపో.”

ఆ దేశంలో లీటరు రక్తంలో అర గ్రాము సారా చేరినా బండి నడపడం నేరం. నిద్రపోతున్న పిల్లవాణ్ణి భుజాన వేసుకొని 38వ నెంబరు ట్రాము ఎక్కాము.

ఇప్పటికీ వెళుతూనే ఉంటాము. ముందు కడుపునిండా తిండి. ఆ తర్వాత సగానికి సగం సోడా కలిపిన వైను, మావారికి ఒక్కటే గ్లాసు. రాకపోకలు రెండూ ట్రాములోనే!