మాట్లాడే పిల్లలు – మాట్లాడని పిల్లలు

మార్కులు వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదని పెద్దలు చెబుతూనే వుంటారు. తరగతిలో నోరు విప్పటం సంగతీ అంతే. గడగడా మాట్లాడినంత మాత్రాన పాఠం వంటబట్టినట్టు కాదు. మాట్లాడనంత మాత్రాన బుర్రలో యేమీ లేదనీ కాదు. ఈ రెండో మాట మీద మాత్రం మనలో చాలామందికి యింకా నమ్మకం కుదరలేదు. "మావాడు మంచివాడేనండీ, నోట్లో నాలుక లేదు గాని" అని తలిదండ్రులు నా దగ్గర వాపోవటం యేటా వింటూనే వున్నాను. ఆ మాట వాళ్లు కొడుకు యెదుటే అంటారు. వాడు నేలచూపులు చూస్తూ నిలబడతాడు. విచారించవలసిన సంగతి వాడి మౌనం కాదు, ఆ మాట.

మాది పామిడిముక్కల. తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. మంటాడ, తాడంకి, మేడూరు, గురజాడ, వీరంకిలాకు – ఇలాంటి వూళ్ల నుంచి బస్సుల మీదా బళ్ల మీదా వచ్చే పిల్లలు నా విద్యార్థులు. దివిసీమ నుంచి వచ్చి బంధువుల యిళ్లల్లో వుండి చదువుకునేవాళ్లూ వున్నారు. అందరూ దాదాపు వరి, చెరకు, మినుము పండించే యిళ్లవాళ్లే. తాగే నీళ్లు ఒకటే, తినే తిండీ ఒకటే. కాని తరగతిలో ఒక్క ప్రశ్న వేసి చూడండి. యెన్ని రకాల మనుషులున్నారో తెలిసిపోతుంది.

నాలుగు రకాలు

మొదటి రకం, ప్రశ్న పూర్తికాకుండానే చెయ్యెత్తేవాళ్లు. ప్రశ్న పూర్తయ్యాక ఆ చెయ్యి మెల్లిగా దించేవాళ్లు కూడా యిందులో వుంటారు. వీళ్లు ఆలోచించి మాట్లాడరు, మాట్లాడుతూ ఆలోచిస్తారు. తప్పు చెప్పామన్న బెంగ లేదు, మరునిమిషంలో యింకో జవాబు సిద్ధం. వీళ్లే లేకపోతే మధ్యాహ్నం భోజనాల తరవాత తరగతి యావత్తూ నిద్రపోతుంది.

రెండో రకం, చమత్కారులు. కాలికి పూసుకున్న పసరు కరిగిపోయి ప్రవరుడు హిమాలయం మీద చిక్కుపడ్డాడని నేను చెబుతూ వుంటే, వెనక బెంచీలోంచి "ఆఖరి బస్సు తప్పిపోయిందన్నమాట!" అని వినిపిస్తుంది. అందరూ నవ్వుతారు. కోప్పడబోయే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే, కథలోని కష్టమంతా వాడు ఒక్క మాటలో పట్టుకున్నాడని తెలుస్తుంది.

మూడో రకం, అడిగితే చెప్పేవాళ్లు. పేరు పెట్టి పిలిస్తే లేచి, ముక్తసరిగా, సరిగ్గా చెప్పి కూర్చుంటారు. పిలవకపోతే సంవత్సరమంతా మౌనమే. అందువల్ల వాళ్లకు లోటూ కనిపించదు.

నాలుగో రకం, పిలిచినా చెప్పలేనివాళ్లు. లేచి నిలబడతారు. చెవులు యెర్రబడతాయి, పెదవులు కదులుతాయి, మాట రాదు. పక్కవాడు కిసుక్కున నవ్వుతాడు. "సరే, కూర్చో" అంటారు మేష్టారు. జవాబు తెలిసీ చెప్పలేకపోయానన్న బాధ ఆ సాయంత్రం బస్సెక్కి వాడితో పాటు యింటికి వెళుతుంది.

శాస్త్రజ్ఞుల మాట

స్విట్జర్లండుకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ యూంగ్ 1921లో మనుషుల స్వభావాలలోని రకాలను గురించి ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న విభజన లోకంలో ప్రచారమైంది దానితోనే. నలుగురిలో పడితే ఉత్సాహం పుంజుకునేవాడు బహిర్ముఖుడు. తనలో తాను ఆలోచించుకుంటే గాని తృప్తి పడనివాడు అంతర్ముఖుడు. అయితే మనుషులను యిలా రెండు గాదెల్లో పొయ్యటం కుదరదని తరవాతివాళ్లు సవరించారు. ఇదీ పొడుగూ పొట్టీ లాంటిదేనట. మరీ పొడుగువాళ్లూ మరీ పొట్టివాళ్లూ కొద్దిమందే, నడిమివాళ్లే యెక్కువ.

వాళ్లు తేల్చిన యింకో సంగతి మనబోటి వాళ్లకు మరింత ముఖ్యం. అంతర్ముఖత్వం వేరు, బిడియం వేరు. మాట్లాడకపోయినా హాయిగా వుండగలగటం మొదటిది. మాట్లాడాలని వుండీ, నలుగురూ యేమనుకుంటారోనని వణికిపోవటం రెండోది. నేను చెప్పిన మూడో రకానికీ నాలుగో రకానికీ తేడా యిదే. బయటికి రెండూ ఒకే మౌనం. కాని మొదటిది స్వభావం, దానికి మందు అక్కరలేదు. రెండోది బాధ, దాన్ని తగ్గించవలసిన పూచీ మనది.

అంతా పుట్టుకతో వచ్చిందేనా?

స్వభావం అంటూ ఒకటుందని ఒప్పుకున్నా, ప్రతి మౌనాన్నీ దాని ఖాతాలో రాయటం తేలిక మార్గం. ఒక కుర్రవాడు రెండేళ్లపాటు నా తరగతిలో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఒక సంక్రాంతి ముందు వాళ్ల వూరు మీదుగా పోతూ చూశాను. కల్లంలో ధాన్యం బేరం జరుగుతోంది. తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దళారీతో మాట్లాడుతున్నది కొడుకు! తేమ యెంత, బస్తాకు తరుగు యెంత, రొక్కం యెన్నాళ్లకిస్తావు – అంకెల మీద అంకెలు. అవతలివాడికి వూపిరి తిప్పుకోనివ్వటం లేదు. నన్ను చూడగానే "నమస్కారమండీ" అని మళ్లీ మూగనోము పట్టాడు. మరి వాడు యే ముఖుడు?

భాష సంగతి యింకొకటి. మన రాష్ట్రంలో 2021–22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలో వుండాలన్న నిర్ణయం వచ్చింది. అంతకుముందు పదేళ్లూ తెలుగులో చదివి వచ్చిన పిల్ల, ఆలోచన తెలుగులో చేసి, మాట ఇంగ్లీషులో వెతుక్కునే సరికి పాఠం రెండు పేజీలు ముందుకు పోతుంది. ఆ పీరియడులో బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్న అమ్మాయే నా తెలుగు పీరియడులో సందేహం మీద సందేహం అడుగుతుంది. మనిషి మారలేదు, గది మారింది. దీనికి తోడు, ఆడపిల్ల గట్టిగా మాట్లాడితే "గడుసుది" అనే నోళ్లు మన వూళ్లల్లో యింకా మూతపడలేదు.

మూడు సెకన్ల ఓపిక

మేరీ బడ్ రో అనే అమెరికన్ విదుషి 1970 దశకంలో బడుల్లో టీచర్లు ప్రశ్నలు వేసే తీరును జాగ్రత్తగా పరిశీలించింది. ప్రశ్న వేశాక జవాబు కోసం టీచరు ఆగే కాలం సగటున ఒక్క సెకను! ఈ లోపల జవాబు రాకపోతే ప్రశ్న మళ్లీ వెయ్యటమో, యింకొకరిని లేపటమో జరుగుతుంది. అదే ఆగటాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివి పెరిగాయి, "తెలియదు" అన్నవాళ్లు తగ్గారు, అంతకు ముందు నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడసాగారు. చూశారా! మనం మందబుద్ధి అనుకున్నది చాలాసార్లు మన తొందరపాటే.

అమెరికాలోనే ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 1981లో యింకో పద్ధతి చెప్పాడు. ముందు యెవరికి వారు ఆలోచించుకోవాలి. తరవాత పక్కవాడితో చెప్పుకోవాలి. ఆ తరవాతే అందరి యెదుటా చెప్పాలి. ఇది చదివినప్పుడు నాకు మన బందరే గుర్తుకు వచ్చింది. తిరుపతి వెంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. స్వయంగా జంటకవి. ఆయన శిష్యులలో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావుగార్లు జంటగా "సౌందరనందం" రాశారు. విశ్వనాథ సత్యనారాయణగారు ఒంటిచేతి మీద "రామాయణ కల్పవృక్షం" రాసి, 1970 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. ఒకే గురువు నీడన జంటగా పెరిగేవాళ్లకూ చోటున్నది, ఒంటిగా పెరిగేవాళ్లకూ చోటున్నది.

ఆ జంటకవులు ప్రసిద్ధికి తెచ్చిన అష్టావధానం మాత్రం తక్కువ పాఠమా? సమస్య యిచ్చేవాడొకడు, అక్షరం అక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరివాడొకడు. పొంతన లేని ప్రశ్నలతో నవ్వించే అప్రస్తుత ప్రసంగి ఒకడు – మన వెనక బెంచీ చమత్కారికి నిండుసభలో పీట వేశారన్నమాట. ఒక్క మాటైనా మాట్లాడకుండా మధ్య మధ్య గంట మాత్రం కొట్టేవాడూ పృచ్ఛకుడే. ఎన్ని గంటలయ్యాయో అవధాని చివరికి చెప్పి తీరాలి. మాట్లాడలేదు గనుక వాణ్ణి లెక్కలోంచి తీసెయ్యలేదు.

నేను చేస్తున్నది

ఇప్పుడు నా తరగతిలో ప్రశ్న వేశాక చెయ్యెత్తినవాణ్ణి వెంటనే లేపను. ముందు ప్రతివాళ్లూ రెండు వాక్యాలు కాగితం మీద రాయాలి, పక్కవాళ్లకు చదివి వినిపించాలి. ఆ పైన లేచినవాడు పక్కవాడు రాసింది చెప్పాలి గాని తనది చెప్పకూడదు. ఇందువల్ల మాటకారికి వినటం అలవాటవుతుంది. బిడియస్తుడి మాట, యింకొకరి గొంతుతోనే అయినా, గదిలో వినిపిస్తుంది. తన మాటకు నలుగురూ తలలూపటం విన్న పిల్ల యెప్పుడో ఒకనాడు "అది నేనన్నదేనండీ, కాని నా వుద్దేశం అది కాదు" అని తానే లేస్తుంది. ఆ వాక్యం కోసం నేను కాచుకుని వుంటాను.

అలాగని నోరు మూసుకున్నవాళ్లను అలాగే వదిలెయ్యమనటం లేదు. రేపు ఉద్యోగానికి వెళ్లినా, బ్యాంకులో అప్పుకు వెళ్లినా నాలుగు మాటలు చెప్పుకోక తప్పదు. కాకపోతే ఈత నేర్పటానికి పిల్లవాణ్ణి మొదటిరోజే వరద కాలవలోకి తొయ్యం గదా! మెట్టు మెట్టూ దింపుతాం. అలాగే మాటకారిని "వాగుడుకాయ" అని వెక్కిరించటమూ పాపమే. వాడు అణగిపోతే తరగతికి ఒక దీపం తగ్గుతుంది.

తలిదండ్రులకు నా మనవి ఒక్కటే. "నోట్లో నాలుక లేదు" అని పిల్లల యెదుట అనకండి. పదిసార్లు విన్నాక వాళ్లు దాన్ని నమ్ముతారు. దానికి బదులు రాత్రి అన్నాల దగ్గర "ఇవాళ పాఠంలో నీకేం తోచింది?" అని అడగండి. అడిగాక, దయచేసి, కాస్త ఆగండి.