వణుకు వేగాన్ని ముందు లెక్కపెట్టండి

రేడియో కంట్రోల్ హెలికాప్టర్ గాల్లో నిలకడగా ఉండక వణుకుతుంటే చాలామంది చెయ్యి ముందుగా గైరో గెయిన్ (గైరో ఎంత బలంగా దిద్దాలో చెప్పే సెట్టింగు) మీదికే పోతుంది. గెయిన్ కాస్త తగ్గిస్తారు, వణుకు అణుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. ఈ వరస తప్పని నా వాదన. వణుకు ఎక్కడ పుట్టిందో దాని వేగమే చెబుతుంది. అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో తేల్చుకోకుండా ఏ స్క్రూనూ ముట్టుకోకూడదు, ఏ సెట్టింగునూ మార్చకూడదు.

325 మిల్లీమీటర్ల రెక్కలుండే 450 తరగతి మోడల్‌నే తీసుకుందాం. దాని ప్రధాన రోటర్ నిమిషానికి 2,400 సార్లు తిరుగుతోందంటే సెకనుకు 40 చుట్లు. తోక రోటర్ దానికి సుమారు నాలుగున్నర రెట్ల వేగంతో, అంటే సెకనుకు 180 చుట్లు తిరుగుతుంది. మోటార్ వేగం ప్రధాన రోటర్‌కు పది రెట్లు దాటుతుంది. తిరిగే భాగంలో బరువు ఒకవైపు ఎక్కువైతే అది తిరిగే వేగంతోనే యంత్రాన్ని కుదుపుతుంది. అందువల్ల 40 హెర్ట్జ్ దగ్గర వణుకు కనిపిస్తే ప్రధాన రెక్కలను, స్పిండిల్ షాఫ్ట్‌ను, మెయిన్ షాఫ్ట్‌ను అనుమానించాలి. 180 దగ్గరుంటే తోక రెక్కలు, తోక షాఫ్ట్, అక్కడి బేరింగులు చూడాలి. సెకనుకు మూడు నుంచి ఎనిమిదిసార్లు మాత్రమే తోక అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ వేగంతో తిరిగే భాగమే హెలికాప్టర్‌లో లేదు. అది దిద్దుబాటు వ్యవస్థలో పుట్టిన ఊగిసలాట. ఒక సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి మెల్లగా ఒరుగుతుంటే గాలిని, అరిగిన డ్యాంపర్ రబ్బర్లను, ఒక్కోసారి స్టిక్ పట్టుకున్న చేతినే అనుమానించవచ్చు. వీటిని కొలవడం కష్టమేమీ కాదు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరాలో తోక ఊగిసలాటను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. అంతకు మించిన వేగాలకు, నేటి కొన్ని ఫ్లైబార్‌లెస్ కంట్రోలర్లలో కంపనాలను విశ్లేషించి చూపే సౌకర్యం ఉంది. దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ కావడం విచారకరం.

వేగంగా వచ్చే వణుకును చిన్నదని తీసిపారేయకూడదు. రోటర్ ఇరుసుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఒక రెక్క రెండోదానికంటే పదో వంతు గ్రాము బరువెక్కువ ఉందనుకోండి. 2,400 ఆర్‌పీఎం దగ్గర ఆ కొద్దిపాటి బరువే దాదాపు 190 గ్రాముల బరువుతో సమానమైన లాగుడుగా మారి, సెకనుకు 40 సార్లు దిక్కు మారుస్తుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే రెక్కల మొత్తం బరువు సమానమైతే చాలదు, వాటి గరిమనాభి కూడా ఇరుసుకు ఒకే దూరంలో ఉండాలి. రెక్కల బోల్టులదీ ఇదే కథ. ఒకటి బిగుతుగా, మరొకటి వదులుగా ఉంటే రోటర్ వేగం అందుకునేటప్పుడు రెండూ ఎదురెదురుగా ఒకే గీతలోకి రావు, నేల మీదే యంత్రం ఎగిరెగిరి పడుతుంది. ఒక రెక్క పైన, మరొకటి కింద తిరుగుతుంటే పిచ్ లింకు పొడవు సరిచేయాలి. ఒక రెక్క కొసకు రంగు టేపు అంటిస్తే ఏది పైనుందో దూరం నుంచే తెలుస్తుంది.

ఇక తోక ఊగిసలాట. తోక పక్కకు జరిగిందని గైరో గమనిస్తుంది, సర్వో కదులుతుంది, తోక రెక్కల పిచ్ మారుతుంది. బాల్ లింకు అరిగి వదులైతే సర్వో కదిలినా ఆ వదులు తీరేదాకా పిచ్ కదలదు. దిద్దుబాటు ఆలస్యమవుతుంది. అది చేరేసరికి తోక అప్పటికే వెనక్కి తిరిగి వస్తూ ఉంటుంది. ఆపాల్సిన తోపు దాన్ని ఇంకా నెడుతుంది. గైరో మళ్లీ ఎదురు దిద్దుతుంది, అదీ ఆలస్యంగానే చేరుతుంది. తోక రెక్కల పిచ్‌ను మార్చే స్లైడర్ బిగుసుకుపోయినా ఫలితం ఇదే. సర్వో నుంచి కడ్డీని విడదీసి వేలితో తోసి చూడండి. ఎక్కడా పట్టేయకుండా తేలిగ్గా జరగాలి, వదులుగా ఆడనూ కూడదు.

గెయిన్ తగ్గిస్తే ఊగిసలాట ఆగింది కాబట్టి తప్పు గెయిన్‌దే కదా అనవచ్చు. మాత్ర వేస్తే జ్వరం దిగినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు. నిన్నటిదాకా చక్కగా ఎగిరిన యంత్రం అదే గెయిన్‌తో ఇవాళ ఊగుతోందంటే మారింది గెయిన్ అంకె కాదు, అరిగిన భాగం. గెయిన్‌ను నిజంగా మార్చాల్సిన సందర్భాలు లేకపోలేదు. హెడ్ స్పీడును, అంటే ప్రధాన రోటర్ ఆర్‌పీఎంను, 2,200 నుంచి 2,600కు పెంచితే, అదే పిచ్‌కు తోక రోటర్ ఇచ్చే తోపు సుమారు 40 శాతం పెరుగుతుంది. అప్పుడు పాత గెయిన్ ఎక్కువే అవుతుంది. కానీ లింకులు, బేరింగులు సరిగా ఉన్నాయని తేలాకే ఆ మాట అనాలి. గైరో కింద మందపాటి ఫోమ్ టేపు వేస్తే చాలనే వాదనా ఉంది. టేపు సెన్సార్‌కు చేరే కంపనాన్ని తగ్గిస్తుంది, నిజమే. కంపనాన్ని తిరుగుడుగా పొరబడే ప్రమాదమూ తగ్గుతుంది. బేరింగుల మీద, స్క్రూల మీద పడే దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది. 1946లో ధ్రువీకరణ పొందిన బెల్ 47లో ఆర్థర్ యంగ్ రూపొందించిన స్టెబిలైజర్ బార్ చేసిన స్థిరీకరణ పనిని నేటి మోడళ్లలో ఎలక్ట్రానిక్స్ చేస్తోంది. అది గొప్ప ముందడుగే. అయితే గైరో ఎంత చక్కగా దిద్దితే యాంత్రిక లోపం అంత ఎక్కువ కాలం దాగి ఉంటుందని మరచిపోకూడదు.

అనుమానమున్న భాగాలన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అంటే, పోవచ్చు. కానీ ఏది పాడైందో తెలియదు, కొత్త భాగంలోనే లోపముంటే అదీ తెలియదు. ప్రధాన రెక్కలు, తోక రెక్కలు విప్పేసి, యంత్రాన్ని గట్టిగా బిగించి మోటార్ తిప్పండి. వణుకు పోతే దోషం రెక్కల్లోనో వాటి అమరికలోనో ఉంది. పోకపోతే షాఫ్టుల్లో, గేర్లలో, మోటార్‌లో ఉంది. షాఫ్టును విప్పి గాజు పలక మీద దొర్లిస్తే వంకర కంటికే కనిపిస్తుంది. ఒక మార్పు చేయండి, మళ్లీ కొలవండి, ఆ తర్వాతే రెండోది.

రెక్కలు బిగించి పరీక్షించేటప్పుడు మాత్రం దూరంగా, రోటర్ తిరిగే తలానికి పక్కన కాకుండా నిలబడండి. ఈ చిన్న మోడల్‌లోనూ 2,400 ఆర్‌పీఎం దగ్గర రెక్క కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. పగులు కనిపించిన రెక్కను అతికించవద్దు, పారేయండి.