కానరాని హెర్నియా

మన గోదావరి మండలములలో హెర్నియా యనగానే అది తమకు సంబంధింపని వ్యాధియని స్త్రీలు తలంతురు. బోదకాలును వరిబీజమును తరతరములుగా బాధించిన సీమ యగుటచే, పొత్తికడుపు ప్రాంతమున వాపు పురుషులకే వచ్చుననియు, ఆడువారికి వచ్చునది వాయువు నొప్పి మాత్రమే యనియు ఒక నమ్మకము ఇండ్లలో పాతుకొని యున్నది. దీనివలన నష్టపోవువారు స్త్రీలే. బొడ్డునొద్దను, పాత శస్త్రచికిత్స మచ్చలయొద్దను, తొడ మొదటను ప్రేగు జారుట స్త్రీలలో వింత కాదు. ఇప్పుడు చెప్పబోవునది వానికంటె మిక్కిలి అరుదైనది. పొట్టగోడలో వచ్చు హెర్నియాలు నూరింటిలో ఇది ఒకటి రెండింటికి మించదు.

పొట్టగోడ ఒకే పలక కాదు. బొడ్డునకు ఇరువైపుల నిలువుగా రెండు కండపట్టీలు కలవు. వానికి ప్రక్కల మూడు పొరల కండలు ఒకదానిపై నొకటి పరచుకొని యుండును. ప్రక్క కండ పలుచని పొరగా మారుచోట, ప్రక్కటెముకలనుండి క్రిందికి నెలవంకవలె వంగిన రేఖ యొకటి దిగును. 1578లో బ్రస్సెల్సు నగరమున జన్మించి, ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణశాస్త్రమును బోధించిన ఆడ్రియాన్ వాన్ డెన్ స్పీగెల్ ఈ రేఖను వర్ణించెను. అచ్చట పుట్టు హెర్నియాను 1764లో వర్ణించినవాడు క్లింకోష్ అను మరియొక వైద్యుడు. అయినను పేరు స్పీగెల్‌కే దక్కి, స్పిజీలియన్ హెర్నియా యని స్థిరపడినది. కీర్తి అట్టిది!

బొడ్డునకు దిగువ, చీర ముడి వేసికొను మట్టమున, కొంచెము ప్రక్కగా ఈ గోడ బలహీనమై యుండును. నిలువు కండకు వెనుక నుండు గట్టిపొర ఆ ప్రాంతమున ఆగిపోవుటయే ముఖ్యకారణము. పలు కాన్పులు, స్థూలకాయము, విడువని దగ్గు, మలబద్ధము, పెద్ద బరువులెత్తుట, పూర్వపు శస్త్రచికిత్స, ఇవి దానిని మరింత సడలించును. నలువది ఏండ్లు దాటినవారిలో ఇది ఎక్కువ. లోపలి పొరలను త్రోసికొని వచ్చిన కొవ్వుగాని ప్రేగుగాని, పైపొర బిగువుగా నుండుటచే బయటికి ఉబ్బక దానిక్రిందనే ప్రక్కకు ప్రాకును. అందుచే చూచువారికేమియు కనబడదు. నొప్పి మాత్రము నిజము.

నిలుచున్నప్పుడు, దగ్గినప్పుడు, నీళ్ళబిందె చంకనెత్తినప్పుడు ఒకేచోట పోటు పుట్టును, పరుండిన తగ్గును. ఇక్కడనే చిక్కు. వైద్యుడు బల్లపై పరుండబెట్టి పరీక్షించుసరికి ఆ ఉబ్బు లోనికి పోవును. అండాశయపు గడ్డయనియో, కుడివైపైనచో అపెండిసైటిస్ అనియో, కండపట్టు అనియో భ్రమ కలుగును. కావున నిలుచుండి దగ్గినప్పుడును పరీక్షింపుమని రోగియే అడుగవచ్చును. అది అవినయము కాదు. నొప్పి పుట్టిన క్షణమున ఆ చోట కాటుకచుక్క పెట్టుకొని పోయినను మేలే. అల్ట్రాసౌండ్ పరీక్ష నిలుచున్నప్పుడును, ముక్కి బిగబట్టినప్పుడును చేసిన పొరలలోని సందు బయటపడవచ్చును. అప్పటికిని తేలనిచో సి.టి. స్కాన్ చాలవరకు తేల్చును.

దీని ద్వారము సన్ననిది. అందు ప్రేగు చిక్కి బిగిసెనా, రక్తప్రసారము నిలిచి కుళ్ళిపోవును. నొప్పి విడువక హెచ్చుట, వాంతులు, కడుపుబ్బరము, అపానవాయువు వెడలకపోవుట, ఉబ్బు గట్టిపడి లోనికి పోకుండుట, వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు వేచియుండరాదు. 108కి ఫోను చేసి, శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికే పోవలయును. అట్టివేళ ఆముదము త్రాగించుట, కడుపు మర్దించుట, వాతలు పెట్టుట ప్రాణాపాయము.

దీనికి మందులు లేవు, నడికట్టు పనిచేయదు. శస్త్రచికిత్స యొక్కటియే దారి. కోసి చేయు పద్ధతిలో జారినదానిని లోనికి పంపి, సందును కుట్టి, తరచుగా పైన సన్నని వల నమర్తురు. లాపరోస్కోపీలో చిన్న రంధ్రములనుండియే ఈ పని జరుగును, కోలుకొనుట శీఘ్రము. గజ్జలలోని హెర్నియాకు నవీన చికిత్సను 1880ల నాట నెలకొల్పిన బస్సీని కూడ ఆ పాదువా పురవైద్యుడే యగుట ముచ్చటైన విషయము.

మన ప్రాంతమువారు ఇందుకై దూరదేశము పోనక్కరలేదు. కాకినాడ రంగరాయ వైద్యకళాశాల 1958 నుండి యున్నది. రాజమహేంద్రవరమునను ఏలూరునను ప్రభుత్వ వైద్యకళాశాలలు 2023లో వెలసినవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్నది. తమ చికిత్స దానిలో చేరునో లేదో ఆసుపత్రిలోనే ముందుగా అడిగి తెలిసికొనవలయును.

అసలు అడ్డంకి ఇంటిలోనే కలదు. కోతలు కానిమ్ము, అమ్మాయి పెండ్లి కానిమ్ము అని ఇల్లాలు తన కడుపునొప్పిని ఏండ్లతరబడి వాయిదా వేయును. శస్త్రచికిత్స తరువాత కొన్ని వారములు బిందెలు, బియ్యపుమూటలు, పసిపిల్లలు, ఏ బరువును ఎత్తరాదు. ఆ పని ఎవరు చేయుదురో భర్తయు, అత్తగారును, ఎదిగిన కొడుకులును ముందే కూర్చుండి పంచుకొనవలయును. పథ్యమను పేర మంచినీరు తగ్గించు పెద్దలు కొందరు కలరు. దానివలన మలబద్ధమై, ముక్కి ముక్కి కుట్లపై ఒత్తిడి పడును. వైద్యుడు వలదన్ననే తప్ప, నీరును ఆకుకూరలును ధారాళముగా నీయవలయును.