మెరక మీద ఇల్లు

గుడివాడ నుంచి పామర్రు, అక్కడి నుంచి కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా ఏ ఊరి బజారులోకి మళ్లినా రెండు రకాల ఇళ్లు కనబడతాయి. ఒకటి తాతలనాటి పెంకుటిల్లు. అరుగులు, వసారా, లోపల మండువా, వీధి తలుపుకు తుప్పు పట్టిన తాళం. రెండోది ఈమధ్య లేచిన మేడ. గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగు, నిలువెత్తు గాజు కిటికీలు, దానికీ తాళమే. చాలాచోట్ల ఈ రెండూ ఒకే కుటుంబానివి. వాళ్లు హైదరాబాదులోనో, బెజవాడలోనో, అమెరికాలోనో ఉంటారు. సంక్రాంతికి నాలుగు రోజులు, దగ్గరలో ఉన్నవాళ్లయితే శని, ఆదివారాలు వచ్చి వెళ్తారు.

బెజవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. ఆ రోడ్డు నాలుగు వరసలయ్యాక ప్రయాణం తేలికైంది. బందరు దగ్గర మంగినపూడి బీచి, కృష్ణ సముద్రంలో కలిసే చోట హంసలదీవి, నాగాయలంక రేవు నుంచి మడ అడవుల మధ్యకు తీసుకెళ్లే పడవలు నగరాల్లో ఉండేవాళ్లను వారాంతాల్లో లాగుతున్నాయి. ఆ వచ్చినవాళ్లలో కొందరికి ఇక్కడే ఓ పది సెంట్లు కొని చిన్న ఇల్లు వేసుకుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. ఆ కోరిక మంచిదే. అయితే ఖర్చంతా కంటికి కనిపించే చోట పెట్టి, నేల కింద పెట్టాల్సింది మిగుల్చుకోవడం వల్ల డెల్టాలో చాలా సెలవు ఇళ్లు పదేళ్లు తిరగకుండానే పాతబడుతున్నాయి.

మొదటి సంగతి మట్టి. కృష్ణా డెల్టాలో చాలా భాగం నల్లరేగడి. వానాకాలంలో నీరు తాగి ఉబ్బుతుంది, మేలో నెర్రెలు విచ్చి కుంగుతుంది. మీద ఉన్న ఇల్లు ఏటా ఈ కదలికకు లోబడి ఉంటుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీట, వర్షాకాలంలో బిగుసుకుపోయి వేసవిలో వదులయ్యే తలుపు దీని గుర్తులే. మామూలు రాతి పునాది రెండు మూడడుగులు తవ్వి వేస్తే ఆ కదిలే పొరలోనే ఆగిపోతుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అండర్‌రీమ్‌డ్ పైళ్ల పద్ధతిని అభివృద్ధి చేసింది. బోరులా మూడున్నర నాలుగు మీటర్లు దింపి, అడుగున ఉబ్బెత్తు వచ్చేలా తొలిచి కాంక్రీటు పోస్తారు. ఆ లోతులో తేమ ఏడాది పొడుగునా పెద్దగా మారదు కాబట్టి ఇల్లు కదలదు. పైళ్ల మీద వేసే దూలాన్ని మట్టికి ఆనించకుండా కింద కొంచెం ఖాళీ వదలాలి. లేకపోతే ఉబ్బిన మట్టి దాన్నే ఎత్తిపడేస్తుంది. కృష్ణ పాయల మధ్యనున్న దివిసీమలాంటి చోట్ల నీటిమట్టం మరీ పైనే ఉండి తవ్విన గొయ్యి కూలిపోవచ్చు, కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించి ఇంజినీరును అడగాలి. ఇంటి మొత్తం ఖర్చులో ఆ పరీక్షకయ్యేది చాలా చిన్న మొత్తం. అయినా ఎక్కువమంది దాన్నే ఎగ్గొడతారు.

రెండోది మెరక. పొలాన్ని ఇంటిస్థలం చేయాలంటే మట్టి తోలించాల్సిందే. చెరువు తవ్విన నల్లమట్టి చవగ్గా దొరుకుతుంది గానీ అది మళ్లీ అదే రేగడి. ఇసుక, గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, వీలైతే ఒక వానాకాలం నాననిచ్చి పని మొదలుపెట్టిన ఇళ్లలో గచ్చు కుంగదు. ఇంటి చుట్టూ కనీసం ఒక మీటరు వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయిస్తే గోడ పక్కన నీరు నిలవదు. రావి, నిద్రగన్నేరు లాంటి పెద్ద చెట్లు గోడకు దగ్గరగా ఉంటే వేసవిలో వాటి వేళ్లు పునాది కింద తేమనంతా లాగేస్తాయి.

మెరక ఎంత ఎత్తు పోయాలన్నది నదిని, సముద్రాన్ని అడగాలి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద దిగింది. మళ్లీ అంత రాదని చాలామంది అనుకున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చింది. కరకట్టకు లోపల, నది వైపున ఉన్న లంకల్లో స్థలం చూడముచ్చటగా ఉంటుంది, ధరా తక్కువే. అక్కడ ఇల్లు కట్టడమంటే వరదకు దారిలో కూర్చోవడమే, ఎవరు నచ్చజెప్పినా కొనకూడదు. సముద్రం ఒడ్డున చట్టమే అడ్డు నిలుస్తుంది. 2011 తీర నియంత్రణ నిబంధనలు గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త ఇళ్లు వద్దన్నాయి. 2019 నిబంధనలు జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల దాన్ని 50 మీటర్లకు తగ్గించాయి గానీ, పలచగా జనముండే తీరానికి 200 మీటర్లే ఉంచాయి. మడ అడవులకు ఇంకా గట్టి రక్షణ ఉంది.

ఆ గీతలు ఊరికే గీసినవి కావని ఈ ప్రాంతానికి చెప్పనక్కర్లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు పట్టణంలో, చుట్టుపక్కల సుమారు 30 వేలమందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఐదు మీటర్ల ఎత్తున సముద్రం విరుచుకుపడింది. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలమంది దాకా చనిపోయారు. ఆ తరవాత 1990 మేలో ఒక తుపాను, 2013లో హెలెన్, 2023లో మిచాంగ్, 2025 అక్టోబరులో మొంథా ఈ తీరాన్నో, దీని పక్క తీరాన్నో తాకాయి.

కాబట్టి ఇంటి కప్పుకు గాలి లెక్క ఉండాలి. తీరప్రాంతపు చిన్న ఇళ్లు తుపానుకు తట్టుకోవడానికి భారత ప్రమాణాల సంస్థ 2004లో ఐఎస్ 15498 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారం ఏ మేస్త్రీకైనా అర్థమయ్యేదే. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు మేలు. చూరు మరీ బయటికి రాకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేయాలి, అప్పుడు గాలి వరండాను లేపినా ఇల్లు మిగులుతుంది. రేకులైతే అంచుల్లో, మూలల్లో బోల్టులు ఎక్కువ బిగించాలి. పెద్ద గాజు కిటికీ పగిలిందంటే గాలి లోపలికి దూరి కప్పును కిందినుంచి నెడుతుంది. కాబట్టి గాజు పెట్టుకున్నా దానికి చెక్క రెక్కలు తప్పనిసరి.

గాలి ఎప్పుడో వస్తుంది. ఉప్పు రోజూ వస్తుంది. స్లాబు పెచ్చులూడి లోపలి ఊచలు ఎర్రగా బయటపడిన ఇళ్లు బందరులోనూ, కోడూరు వైపూ కొల్లలు. తీరపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకు కనీసం ఎం-30 రకం, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలని ఐఎస్ 456 చెబుతుంది. ఊళ్లలో పోసేది తరచుగా ఇందులో సగం కవరే. అంతకన్నా పెద్ద తప్పు ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలపడం, అవే నీళ్లతో తడపడం. ఊచకు తుప్పు ఆరోజే మొదలవుతుంది. ట్యాంకరుతో కాలవ నీళ్లో, మంచి చెరువు నీళ్లో తెప్పించుకోవాలి.

నీళ్ల సంగతి అక్కడితో అయిపోదు. దివిసీమకు తీపి నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా, నది పాయను దాటి కాలవలో వస్తుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు. ఊరి చెరువులు అప్పటికే నింపుకోకపోతే జూన్ దాకా ఇబ్బందే. రొయ్యల చెరువులు పెరిగిన చోట భూగర్భ జలం మరింత చవుడుబారింది. సెలవు ఇంటివాళ్లు వచ్చీరాగానే లోతైన బోరు వేయించి మోటారు బిగిస్తారు. అది కొన్నాళ్లకే ఉప్పు తోడుతుంది. తీరంలో ఇసుక నేలల రైతులకు ఈ రహస్యం ఏనాడో తెలుసు. ఇసుకలో వాన నీరు ఉప్పు నీటి మీద పలచని పొరగా తేలుతుంది. లోతు తక్కువ దొరువు తవ్వి మెల్లగా చేదుకుంటే తీపి నీరే వస్తుంది, గట్టిగా లాగితే కిందిది పైకి వస్తుంది. ఇదే సూత్రం మీద బాపట్లలో శాస్త్రవేత్తలు దొరువును మెరుగుపరిచారు. వారాంతాలకు వచ్చే కుటుంబానికి చిన్న దొరువు, కప్పు మీది వాన నీళ్లు పట్టే ఒక సంపు సరిపోతాయి.

ఇన్ని చూశాక ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊళ్లో తాతగారి ఇల్లు ఇంకా నిలబడి ఉంటే కొత్తది కట్టకుండా దాన్నే బాగుచేసుకోవడం మంచిది. అది ఊరి మెరక మీదే ఉంటుంది, ఎందుకంటే పాతకాలంవాళ్లు నీళ్లెక్కడిదాకా వస్తాయో చూసే ఇళ్లు కట్టుకున్నారు. తుపానుకు పెంకు లేచిపోయినా మళ్లీ నేయించుకోవచ్చు. అయితే బాగుచేసే తీరులోనే చాలా ఇళ్లు చెడుతున్నాయి. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక పూత ఉబ్బి రాలుతుంది. దానికి సున్నపు పూతే వేయాలి, సున్నమే కొట్టాలి. ఏటా వానలకు ముందు పెంకు సర్దించాలి. దూలాలకు, ద్వారబంధాలకు చెద మందు పెట్టించాలి. మండువాలో పడ్డ నీరు వీధి కాలవలోకి పోయే తూము పూడుకోకుండా చూడాలి.

ఈ పనులేవీ తాళం వేసిన ఇంట్లో జరగవు. ఖాళీ ఇంట్లో ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట పాములు చేరతాయి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయంటే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేయించారు. పెరట్లో ఇటుకల కుప్పలు, కొబ్బరి మట్టలు వదిలి వెళ్లిన ఇల్లు పక్కింటి పిల్లలకు కూడా ప్రమాదమే. వారానికోసారి తలుపులు తీసి, ఊడ్చి, వాన పడితే కప్పు చూసే మనిషి కావాలి. ఆ మనిషికి పండగకు చీరో పంచో పెట్టి సరిపుచ్చకుండా, నెల జీతం ఇవ్వాలి. రిపేరు డబ్బు కొంత చేతిలో ఉంచాలి. ఫోను చేసి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగే అవసరం లేకుండా పెంకు మార్చే అధికారమూ ఇవ్వాలి.

కొత్త స్థలమే కావాలనుకునేవారు బయానా ఇచ్చే ముందు రెండుసార్లు చూడండి. ఒకసారి మేలో, నేల ఎంత నెర్రె విచ్చిందో తెలుస్తుంది. ఒకసారి అక్టోబరు వానల్లో, నీరు ఎటు పోతుందో, అసలు పోతుందో లేదో తెలుస్తుంది. అప్పుడే పక్క ఇళ్లలో డెబ్బై దాటిన పెద్దవాళ్లను పలకరించి, 1977లో నీళ్లు ఎంతెత్తున వచ్చాయని అడగండి. వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఇంటి గచ్చు ఆ చెయ్యి కన్నా పైన ఉండేలా ప్లాను గీయించుకోండి.