జనసముద్రం ఊగితే

ప్రతి ఉయ్యాలకూ ఒక లెక్క ఉన్నది. మెల్లగా తోసినా, కొంచెం గట్టిగా తోసినా, అది ఒకసారి పోయి రావటానికి ఇంచుమించు ఒకే కాలం పడుతుంది. దానిని ఆవర్తనకాలం అంటారు. ఆ కాలం కనిపెట్టి, సరిగా అదనుకు తోసేవాడు చిన్నపిల్లవాడైనా సరే, పెద్దమనిషి కూర్చున్న ఉయ్యాలను ఎత్తుగా ఊపగలడు. సముద్రంమీద తేలే కట్టడాలకూ, ఉత్సవాలలో కిక్కిరిసిన జనానికీ కూడా ఇటువంటి లెక్కే ఉన్నదంటే మీకు వింతగా ఉండవచ్చు.

ముందు సముద్రం సంగతి చూద్దాం. స్కాట్లండు తూర్పుతీరాన పీటర్‌హెడ్ అనే ఊరున్నది. దానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన, 2017లో, 5 పెద్ద గాలిమరలను నీటిపై తేలేటట్టు నిలిపారు. ఒక్కొక్క మర కింద పొడుగాటి ఉక్కుగొట్టం నీటిలోకి నిలువుగా దిగి ఉంటుంది. దాని అడుగున బరువు నింపారు. మూడేసి లంగరు గొలుసులు దానిని కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి.

గొలుసులున్నా కట్టడం కదలక మానదు. ఆ కదలికలు ఆరు రకాలు. అది ముందువెనకలకూ, పక్కలకూ, పైకీ కిందికీ జరుగుతుంది, ముందుకూ, పక్కకూ ఒరుగుతుంది, ఉన్నచోటనే తిరుగుతుంది. అలలు వచ్చే కాలమూ, కట్టడం ఊగే కాలమూ ఒకటయితే, ప్రతి అలా అదనెరిగి ఉయ్యాల తోసే పిల్లవాడి పని చేస్తుంది! అందుకని ఆ రెండు కాలాలూ కలవకుండా ఇంజనీర్లు ముందే జాగ్రత్త పడతారు. చిన్న నమూనా చేసి, అలలు పుట్టించే తొట్టిలో పరీక్షిస్తారు. ఇటువంటి తొట్టి మద్రాసు ఐ.ఐ.టి.లో కూడా ఉన్నది. నమూనాకు మెరిసే చిన్న బంతులు అంటిస్తే, చుట్టూ ఉన్న కెమేరాలు వాటిని వదలక వెంటాడుతాయి. ఏ బంతి ఎంత జరిగిందో చూసి కంప్యూటరు ఆరు కదలికలనూ లెక్క కడుతుంది. (మీరు ఒక సీసాలో కాస్త ఇసుక పోసి, బిరడా బిగించి, నీళ్ళతొట్టిలో నిలువుగా తేల్చండి. వేలితో ఒకసారి అదిమి వదిలి, పది ఊపులకు ఎంతసేపు పట్టిందో చూడండి. తరవాత ఇసుక ఇంకొంచెం పోసి మళ్ళీ చూడండి.)

జనానికి బంతులు అంటించలేము గదా! దానికి వేరే ఉపాయమున్నది. పైనుంచి తీసిన రెండు వరస బొమ్మలను పక్కపక్కన పెట్టి, మొదటిదానిలోని ప్రతి చిన్న ముక్కా రెండవదానిలో ఎటు జరిగిందో కంప్యూటరు వెతుకుతుంది. నీటిలో పొడి చల్లి ప్రవాహాన్ని కొలిచే పద్ధతి కూడా ఇదే. ఎవరి ముఖమూ గుర్తుపట్టనక్కరలేదు.

స్పెయిన్‌లోని పాంప్లోనా నగరంలో ఏటా జూలై 6న మధ్యాహ్నం ఉత్సవం మొదలవుతుంది. చిన్న చౌకులో వేలమంది చేరతారు. శాస్త్రజ్ఞులు 2019లోనూ, ఆ తరవాత మరికొన్ని ఏళ్ళూ, మేడలమీదనుంచి ఆ జనాన్ని ఫిలిము తీశారు. ఆ ఫలితాలు 2025లో ప్రకటించారు. జనం ఒక హద్దు దాటి చిక్కబడగానే, వందలమంది కలిసి ఒకే ముద్దగా గుండ్రంగా ఊగసాగారు. ఒక్కొక్క చుట్టుకు 18 సెకండ్లు! ఎవరూ సైగ చెయ్యలేదు, ఎవరూ నడిపించలేదు.

జర్మనీలోని డ్యూస్‌బర్గ్ నగరంలో 2010 జూలై 24న ఒక సంగీతోత్సవంలో జనం నలిగి 21 మంది చనిపోయారు. అప్పటి ఫిలిములను పరిశీలిస్తే, ప్రమాదానికి ముందు జనం ఇదే విధంగా ఊగటం కనిపించింది.

తొక్కిసలాట జరిగినప్పుడల్లా "ఎవరు తోశారు?" అని అడుగుతాం. నా దృష్టిలో అది సరి అయిన ప్రశ్న కాదు. "ఊగటం ఎప్పుడు మొదలైంది? కొత్తవారిని రానివ్వటం ఎప్పుడు ఆపారు?" అని అడగాలి. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘట్టంలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయినవి. 2027లో గోదావరి పుష్కరాలు మళ్ళీ వస్తున్నవి.

కెమేరా లేకపోయినా ఒక గుర్తు ఎవరికైనా తెలుస్తుంది. మీరు అడుగు వెయ్యకుండానే మీ ఒళ్ళు అటూ ఇటూ పోతుంటే, జనం హద్దు దాటినట్టే. ఎదురు తొయ్యకండి. చేతులు మడిచి గుండెకు అడ్డంగా పెట్టుకుని, ఊపు సద్దుమణిగినప్పుడల్లా ఏటవాలుగా అంచుకేసి కొంచెం కొంచెం జరగండి. పసివాళ్ళు వెంట ఉంటే, అంతకన్న ముందే ఎత్తుకోండి.