కిటికీ వెలుగులో అమ్మ ముఖం

పెద్దవాళ్లు పోయాక గోడకు పెట్టుకునే ఫోటో కోసం ఇల్లంతా వెతకడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. చివరికి ఏ పెళ్లి గ్రూపు ఫోటోలోంచో ముఖం కత్తిరించి పెద్దది చేయిస్తారు. కళ్లూ ముక్కూ అలుక్కుపోయి, ఆ మనిషి పోలికే ఉండదు. అమ్మో, అత్తగారో కళ్లెదుట ఉండగానే చక్కని బ్లాక్ అండ్ వైట్ ఫోటో మీరే తీసి పెట్టుకోవచ్చు. స్టూడియో లైట్లు అక్కర్లేదు, మీ ఇంటి కిటికీ చాలు.

మనకెక్కడ వస్తుందిలే అనుకోకండి. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కి నలభయ్యెనిమిదో ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఇంగ్లండ్‌లోని తన ఇంట్లో ఆవిడ కోళ్ల గూటిని అద్దాల స్టూడియోగా, బొగ్గుల కొట్టుని డార్క్ రూముగా మార్చుకున్నారు. శాస్త్రవేత్త డార్విన్‌నీ, తమ ఇంటి పనిమనిషినీ పగటి వెలుగులోనే ఫోటోలు తీశారు. ఆవిడ తీసిన ఫోటోలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ఇక ఎలా తీయాలో చూద్దాం.

* ఎండ నేరుగా పడని కిటికీ మంచిది. ఉత్తరం వైపుదైతే వెలుగు పెద్దగా మారదు. ఎండ పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి.

* ట్యూబ్‌లైటు, ఫ్లాష్ ఆపేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖంలో నీడల అందం పోతుంది.

* కిటికీకి రెండుమూడడుగుల దూరంలో, వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టండి. రెండో చెంప మరీ చీకటిగా ఉంటే అటువైపు తెల్ల దుప్పటి పట్టుకోమనండి. వెలుగు దానిమీద పడి ముఖం మీదికి వస్తుంది.

* వెనకాల క్యాలెండర్లు, సామాన్లు లేకుండా చూడండి. రంగులుండవు కాబట్టి పెద్ద పువ్వుల చీరకన్నా సాదా నేతచీర బాగుంటుంది.

* సెల్‌ఫోన్‌తో తీస్తుంటే తెరమీద కంటి దగ్గర వేలితో తాకండి. ఫోకస్ అక్కడ కుదురుతుంది. కళ్లద్దాలు మెరుస్తుంటే గడ్డం కాస్త దించమనండి.

"నవ్వమ్మా" అంటే ముఖం బిగుసుకుంటుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ పాత కబుర్లు చెప్పమనండి. ముడతలు చెరిపేయకండి, ఆ ముఖానికి అవే అందం.

నచ్చినదాన్ని ఫోన్‌లో వదిలేయక ప్రింటు వేయించి, వెనక పేరు, సంవత్సరం పెన్సిల్‌తో రాయండి. ఇంకొక్క మాట. ఫోటోలు తీసేవాళ్లు ఏ ఫోటోలోనూ ఉండరు. ఈసారి ఫోన్ మీ అమ్మాయి చేతికిచ్చి, ఆ కిటికీ పక్కన మీరూ కూర్చోండి.